ఫస్ట్ ఎడిషన్ అని రాసుంటే సరిపోదండీ: పాత నవలల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత పుస్తకాల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. సగానికి పైగా అడిగింది ఒకటే, నా దగ్గరున్న నవల ఫస్ట్ ఎడిషనా కాదా అని. పాత పుస్తకాలు సేకరించే కలెక్టర్లు ఫస్ట్ ఎడిషన్ అనేది నవల మొట్టమొదటిసారి అచ్చయిన కాపీల్ని, అంటే మొదటి ప్రింటింగ్‌ని. అన్నిటికీ విడివిడిగా రాయడానికి చోటు చాలదు కాబట్టి ఒకేలాంటివి కలిపేశాను, కొన్నిటికి మాత్రం కాస్త వివరంగానే రాశాను ఎందుకంటే అవి చాలామందికి పనికొస్తాయి.

ప్రశ్న: నమస్తే అండీ, మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేటప్పుడు ఫిట్జెరాల్డ్ నవల గ్రేట్ గాట్స్‌బీ దొరికింది, ఆకుపచ్చ గుడ్డ అట్ట, టైటిల్ పేజీలో పబ్లిషర్ పేరు స్క్రిబ్నర్స్, 1925 అని ఉంది, అట్ట మీద తొడిగే కాగితం జాకెట్ లేదు. స్క్రిబ్నర్స్ వాళ్ళ ఫస్ట్ ఎడిషన్ అయితే టైటిల్ పేజీ వెనకుండే కాపీరైట్ పేజీలో ఏ (A) అనే ఇంగ్లీషు అక్షరం ఉండాలని ఒకాయన చెప్పారు, నా దాంట్లో అది లేదు. అంటే కాదనేనా?

జవాబు: కాదనుకోకండమ్మా, ఆయన చెప్పింది నిజమే గానీ అది మీ పుస్తకానికి వర్తించదు. స్క్రిబ్నర్స్ వాళ్ళు మొదటి ప్రింటింగ్‌కి ఆ ఏ అక్షరం వేయడం మొదలుపెట్టింది 1930 నుంచి, మీ పుస్తకం అంతకు ఐదేళ్ళ ముందుది, కాబట్టి అందులో ఏ ఉండకూడదు కూడా.

అయితే ఇక్కడ ఇంకో చిక్కుంది. గాట్స్‌బీ 1925 ఏప్రిల్‌లో వచ్చింది, మొదటిసారి 20,870 కాపీలు వేశారు, మళ్ళీ అదే సంవత్సరం ఆగస్టులో ఇంకో 3,000 వేశారు. రెండిటి మీదా 1925 అనే ఉంటుంది, రెండోది అని ఎక్కడా రాయలేదు. సంవత్సరం చూసి తేల్చలేం అన్నమాట. మరెలాగంటే, రెండోసారి వేసేటప్పుడు కొన్ని మాటలు సరిదిద్దారు, మొదటి ప్రింటింగ్‌లో పాత మాటలే ఉంటాయి, కలెక్టర్లు వీటిని పాయింట్లు అంటారు. ఇప్పుడే పుస్తకం తీసి చూడండి. 60వ పేజీ 16వ లైన్‌లో చాటర్ అనే మాట ఉండాలి, తర్వాత దాన్ని ఎకోలేలియా అని మార్చారు. 119వ పేజీ 22వ లైన్‌లో నార్తర్న్ ఉండాలి, తర్వాత సదర్న్ అయింది. 205వ పేజీలో సిక్ ఇన్ టయర్డ్ అని మూడు మాటలుగా విడివిడిగా ఉండాలి, తర్వాత అది కలిపేసి ఒకే మాట అయింది. 211లో యూనియన్ స్ట్రీట్ స్టేషన్ ఉండాలి, తర్వాత మధ్యలో స్ట్రీట్ తీసేశారు. ఇవన్నీ కలిస్తేనే మొదటి ప్రింటింగ్ అనండి, ఒకటి కలిసి ఇంకోటి కలవకపోతే మాత్రం ఆగి తెలిసిన డీలర్‌కి చూపించండి.

ఇంకో జాగ్రత్త. ఈ నవలకి ఫాక్సిమిలీ కాపీలు ఉన్నాయి, అంటే పాత ఎడిషన్‌ని తప్పులతో సహా అచ్చు అలాగే మళ్ళీ వేసినవి, ఫస్ట్ ఎడిషన్ లైబ్రరీ అనే పేరుతో అమెరికాలో ఇలాంటి సీరీస్ ఒకటి వచ్చింది. అవి మోసం కోసం వేసినవి కావు, చదువుకునేవాళ్ళ కోసం వేసినవే, కానీ చేతులు మారేకొద్దీ అసలు సంగతి చెప్పేవాళ్ళుండరు. కాగితం మరీ తెల్లగా కొత్తగా ఉందా, వాసన ఎలా ఉంది, ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఫాక్సిమిలీ గుర్తుందా చూడండి. ఐఎస్‌బిఎన్ నంబర్ కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, 1925లో ఆ నంబర్లే లేవు, అవి 1970 ప్రాంతంలో మొదలయ్యాయి.

జాకెట్ గురించి కూడా చెప్పాలి, ఈ పుస్తకం విలువంతా దాదాపు అక్కడే ఉంది. ఫ్రాన్సిస్ కుగాట్ వేసిన ఆ నీలం బొమ్మ జాకెట్‌తో ఉన్న మంచి కాపీలు వేలంలో మూడు లక్షల డాలర్లు దాటిన సందర్భం ఉంది, అదే పుస్తకం జాకెట్ లేకుండా అయితే వేలల్లోనే ఉంటుంది. మొదటి జాకెట్‌కి కూడా గుర్తుంది, వెనక వైపు జే గాట్స్‌బీ అనే పేరులో జే చిన్న అక్షరంగా పడిపోతే చాలా కాపీల్లో సిరాతో చేత్తో పెద్ద జే చేశారు. ఇలా చేత్తో దిద్దిన జాకెట్ ఇంకోటి కూడా ఉందండీ, 1937లో అలెన్ అండ్ అన్విన్ వాళ్ళు 1,500 కాపీలే వేసిన హాబిట్, దాని వెనక మడతలో, అంటే అట్ట లోపలికి మడిచే భాగంలో, డాడ్జ్‌సన్ అనే పేరులో ఇంగ్లీషు ఈ (e) అక్షరం ఒకటి ఎక్కువ పడితే దాన్ని సిరాతో కొట్టేశారు. ఒక్కో జాకెట్ చేతిలోకి తీసుకుని ఎవరో కూర్చుని దిద్దారు చూడండి, నాకు ఈ పుస్తకాల మీద ఇంత ఇష్టం ఉండడానికి ఇలాంటివే కారణం.

ప్రశ్న: అన్నా, నేను హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతున్న. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లీష్ నవలలు కొంట. మొన్న రాండమ్ హౌస్ వాళ్ళ 80ల నాటి హార్డ్‌బౌండ్ దొరికింది, ఫస్ట్ ఎడిషన్ అని ఉంది కానీ కింద నంబర్లు 2 నుంచి మొదలైతున్నయ్, 1 లేదు. దోస్తు ఇది సెకండ్ ప్రింటింగ్ అంటుండు. ఏది నిజం?

జవాబు: తమ్ముడూ, నీ దోస్తు చెప్పింది మామూలుగా అయితే కరెక్టే, కానీ రాండమ్ హౌస్ దగ్గర మాత్రం కాదు.

ముందు మామూలు పద్ధతి చెప్తా. కాపీరైట్ పేజీలో 10 9 8 7 6 5 4 3 2 1 అని వరసగా నంబర్లుంటాయి కదా, దాన్ని నంబర్ లైన్ అంటారు. మళ్ళీ అచ్చేసినప్పుడల్లా అందులో చిన్న నంబర్‌ని తీసేస్తారు, మొత్తం పేజీ మళ్ళీ కంపోజ్ చేసే పని తప్పుతుందని పెట్టుకున్న ఏర్పాటు అది. కాబట్టి మిగిలిన వాటిలో అన్నిటికంటే చిన్న నంబర్ ఏదో అదే ఎన్నో ప్రింటింగో చెప్తుంది. నంబర్లు ఎడమ నుంచి కుడికి ఉన్నా, కుడి నుంచి ఎడమకి ఉన్నా, 1 3 5 7 9 10 8 6 4 2 అని అటూ ఇటూ పరిచినా లెక్క ఒకటే, చిన్నది ఏదో చూడటమే. 70ల నుంచి ఈ పద్ధతి బాగా వ్యాపించింది. పైన ఫస్ట్ ఎడిషన్ అని ఉండి కింద చిన్న నంబర్ 7 అయితే అది ఏడో ప్రింటింగే, పైనున్న మాటలు తీసేయకుండా వదిలేశారంతే, ఇలాంటివి అబిడ్స్‌లో కుప్పలు.

ఇప్పుడు రాండమ్ హౌస్ సంగతి. వాళ్ళు చాలా ఏళ్ళపాటు మొదటి ప్రింటింగ్‌కి ఫస్ట్ ఎడిషన్ అనే మాటా, 2తో మొదలయ్యే లైనూ రెండూ కలిపి వేసేవాళ్ళు. రెండోసారి అచ్చేస్తే ఫస్ట్ ఎడిషన్ అనే మాట తీసేసేవాళ్ళు, 2 అలాగే ఉండేది. అంటే ఆ మాటే అక్కడ 1 కింద లెక్క. నీ పుస్తకంలో రెండూ ఉన్నాయి కాబట్టి అది మొదటి ప్రింటింగే, సంతోషంగా ఉంచుకో. హార్కోర్ట్ వాళ్ళూ ఇలాగే కొన్నేళ్ళు ఫస్ట్ ఎడిషన్ అని రాసి దాని పక్కన బీ సీ డీ ఈ అని అక్షరాలు పెట్టారు, ఏ ఉండదు, అదీ మొదటిదే.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా విచిత్రమైన అలవాట్లున్నాయి. యాపిల్టన్ అనే న్యూయార్క్ కంపెనీ కాపీరైట్ పేజీలో ఏమీ చెప్పేది కాదు, నవల అయిపోయిన చివరి పేజీలో ఆఖరి లైన్ కింద బ్రాకెట్లో 1 అని వేసేది, 1920 నాటి ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్ ఫస్ట్ ప్రింటింగ్‌ని అలాగే గుర్తుపడతారు. అందుకే ఒక కంపెనీ పద్ధతి నేర్చుకుని దాన్నే అందరికీ వాడకూడదు అంటాను.

ఫుట్‌పాత్ మీద కొనేటప్పుడు ఇంకో రెండు చూసుకో. మోడర్న్ లైబ్రరీ పుస్తకాల్లో ఫస్ట్ మోడర్న్ లైబ్రరీ ఎడిషన్ అని ఉంటుంది, అంటే ఆ సీరీస్‌లో మొదటిసారి అని, నవలకి మొదటిసారి అని కాదు. గ్రాసెట్ అండ్ డన్‌లప్ అనే పేరు కనిపిస్తే అది చవక రీప్రింట్ల కంపెనీ, వాళ్ళు అసలు కంపెనీ అచ్చు ప్లేట్లు తీసుకుని అచ్చేసేవాళ్ళు కాబట్టి కాపీరైట్ సంవత్సరం పాతదే ఉంటుంది. చదువుకోవడానికి అన్నీ మంచివే, ఎక్కువ డబ్బు పెట్టేటప్పుడే ఈ తేడా.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ని, రాజమండ్రి. మా మేనమామగారు అమెరికాలో చదువుకునే రోజుల్లో కొన్న హెమింగ్‌వే నవల ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ నా దగ్గరుంది, 1952 అని ఉంది, జాకెట్ కూడా ఉంది కానీ దాని మీద ధర ఎక్కడా లేదు. వెనక అట్ట కింద మూల చిన్న గుంటలా నొక్కినట్టుంది. అది దెబ్బ తగిలిన గుర్తా?

జవాబు: మాస్టారూ, అది దెబ్బ కాదండి. దాన్ని బ్లైండ్ స్టాంప్ అంటారు, రంగు లేకుండా అట్ట మీద నొక్కిన గుర్తు, బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ వాళ్ళు తమ కాపీలకి వేసేది. వెనక అట్ట మీద, కింద, వెన్నుకి దగ్గరగా ఉంటుంది, కొన్నిటికి చుక్క, కొన్నిటికి చదరం, కొన్నిటికి ఆకు ఆకారం. జాకెట్ మీద ధర లేకపోవడం కూడా దాంతో సరిపోయింది, ఎందుకంటే క్లబ్ పుస్తకాలు కొట్లో అమ్మేవాళ్ళు కాదు, మెంబర్లకి పోస్టులో పంపించేవాళ్ళు, ధర వేయాల్సిన పని ఉండేది కాదు. ఈ నవల మామూలు ఫస్ట్ ప్రింటింగ్ జాకెట్ మీద 3 డాలర్లు అని ఉంటుంది, కాపీరైట్ పేజీలో నేను పైన చెప్పిన ఏ (A) అక్షరమూ స్క్రిబ్నర్స్ ముద్రా రెండూ ఉంటాయి. మీ దాంట్లో చూడండి, ఆ ఏ అక్షరం ఉండకపోవచ్చు.

ధర లేని జాకెట్లన్నీ క్లబ్‌వి అనుకోవద్దు కూడా. చాలామంది పుస్తకం బహుమతిగా ఇచ్చేటప్పుడు ధర కనపడకుండా మడత మూల కత్తిరించేసేవాళ్ళు. మూల ఏటవాలుగా కత్తిరించి ఉంటే అక్కడ ధర ఉండి పోయిందని అర్థం, మూల పూర్తిగా ఉండి ధర లేకపోతే క్లబ్ అనుమానం రావాలి. ఎవరైనా క్లబ్ అనే మాట ఉన్న మూలని కూడా కత్తిరించి అమ్మే ప్రమాదం ఉంది, అందుకే జాకెట్ తీసి అట్ట వెనక తడిమి చూడాలి, కాగితం పల్చగా ఉందా, పుస్తకం మామూలు సైజు కంటే చిన్నదిగా తేలిగ్గా ఉందా చూడాలి.

హార్పర్ లీ నవల టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ గురించి ఇంకో ముగ్గురు అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 1960లో లిప్పిన్‌కాట్ వేసింది, కాపీరైట్ పేజీలో ఫస్ట్ ఎడిషన్ అని స్పష్టంగా ఉంటుంది, జాకెట్ ధర 3.95 డాలర్లు, వెనక రచయిత్రి ఫొటో, ఆ ఫొటో తీసింది ట్రూమన్ కపోటీ అని పేరు కూడా ఉంటుంది. ఇవి లేకుండా కేవలం 1960 అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఆ సంవత్సరం వేసిన క్లబ్ కాపీలూ రీప్రింట్లూ చాలా ఉన్నాయి.

ఓల్డ్ మ్యాన్ విషయంలో మీకు నచ్చే సంగతి ఒకటి. ఈ కథ పుస్తకంగా రావడానికి వారం ముందే, 1952 సెప్టెంబర్ 1 నాటి లైఫ్ పత్రికలో పూర్తిగా పడింది. అంటే లోకం దీన్ని మొదట చదివింది పత్రికలో. ఆ సంచికని కూడా కలెక్టర్లు దాచుకుంటారు, కోట్లలో అచ్చు వేయకపోయినా లక్షల్లో వేశారు కాబట్టి అందుబాటు ధరలోనే దొరుకుతుంది. మీ మేనమామగారి కాపీ కలెక్టర్‌కి విలువ తక్కువదే అయినా మీరు మాత్రం దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.

ప్రశ్న: విజయవాడ లెనిన్ సెంటర్లో పాత తెలుగు నవలలు కొంటుంటానండీ. కొన్నిటికి మొదటి పేజీలు ఉండవు, కొన్నిటి మీద ప్రథమ ముద్రణ అని ఉంటుంది గానీ చూస్తే కొత్తగానే ఉంటాయి. తెలుగు నవలకి ఫస్ట్ ఎడిషన్ గుర్తుపట్టడం ఎలా? ఇంగ్లీషు పుస్తకాల మీద బోలెడు సమాచారం ఉంది, మన వాటికి ఎక్కడా లేదు.

జవాబు: మీరు అడిగినందుకు చాలా సంతోషంగా ఉందండీ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నాను.

ఒక రకంగా చూస్తే మన పుస్తకాలే నయం. ప్రథమ ముద్రణ ఫలానా నెల, ఫలానా సంవత్సరం, ప్రతులు 1000, వెల ఇంత అని మనవాళ్ళు వేసే అలవాటు చాలా గొప్పది, అమెరికా కంపెనీలు ఎన్ని కాపీలు వేశారో పుస్తకంలో చెప్పడం చాలా అరుదు. రెండో ముద్రణ అయితే ద్వితీయ ముద్రణ అని కింద ఇంకో లైన్ చేరుస్తారు. ఆ పేజీ ఉంటే సగం పని అయిపోయినట్టే. కానీ మీరన్న సమస్య నిజం, నవల ఒక ప్రచురణకర్త దగ్గర నుంచి ఇంకొకరికి మారినప్పుడు కొత్తవాళ్ళు మళ్ళీ ప్రథమ ముద్రణ అని వేస్తారు, అది వాళ్ళకి ప్రథమం అంతే. అందుకే ప్రథమ ముద్రణ అనే మాట కనపడగానే ముందుమాట చదవండి, అందులో రచయిత ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చవుతోంది అని రాశాడా చూడండి, వెనక అట్ట మీద ఆ రచయిత ఇతర పుస్తకాల పట్టిక ఉంటే అందులో ఈ నవల తర్వాత వచ్చినవి ఉన్నాయా చూడండి. తర్వాత రాసిన నవల పేరు ఆ పట్టికలో ఉంటే ఇది మొదటి ముద్రణ అయ్యే అవకాశం లేదు.

ఇక మొదటి పేజీలు ఊడిపోయిన పుస్తకాల సంగతి. ఇక్కడ వెల చాలా సాయం చేస్తుంది. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. అట్ట మీద వెల రు. 3-8-0 అని మూడు భాగాలుగా ఉంటే అది రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు), అంటే 1957కి ముందుదని దాదాపుగా అనుకోవచ్చు, అలవాటు కొద్దీ కొన్నాళ్ళు అటూ ఇటూ అయినా పెద్ద తేడా ఉండదు. వెల 2-50 అని ఉంటే అది అణాలు కాదు, రూపాయికి పదహారు అణాలే కదా, రెండో అంకె 15 దాటిందంటే అది పైసలే. న.పై. అని నయా పైసలు స్పష్టంగా రాసుంటే అది 1957 నుంచి 1964 మధ్యలో అచ్చయి ఉండొచ్చు, ఎందుకంటే 1964 జూన్ 1 నుంచి నయా అనే మాట తీసేసి ఉత్త పైసలు చేశారు. ఈ చిన్న లెక్కతో ఏ పేజీ లేకపోయినా న.పై. ఉన్న పుస్తకం వయసు ఏడెనిమిదేళ్ళ తేడాలో పట్టేయొచ్చు.

తర్వాత అడ్రసు. పిన్ కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. ప్రచురణకర్త అడ్రసులో విజయవాడ-520 002 అని ఆరంకెల నంబర్ ఉంటే అది 1972 తర్వాతదే, లోపల ప్రథమ ముద్రణ 1955 అని ఉన్నా సరే మీ చేతిలో ఉన్న కాపీ తర్వాత వేసింది. విజయవాడ-2, మద్రాసు-17 అని చిన్న నంబర్ ఉంటే మాత్రం ఏమీ తేలదు, పిన్ వచ్చాక కూడా చాలామంది పాత పద్ధతిలోనే రాసుకున్నారు. అంటే ఈ గుర్తు ఒకవైపే పనిచేస్తుంది, ఆరంకెలు ఉంటే తర్వాతది, లేకపోతే నిర్ణయం చేయొద్దు. ఇంగ్లీషు పుస్తకాలకీ ఇదే లెక్క వాడొచ్చు, అమెరికా అడ్రసులో జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది, బ్రిటిష్ జాకెట్ మీద ధర షిల్లింగుల్లో మాత్రమే ఉంటే 1971 ఫిబ్రవరి కంటే ముందుది.

ఇక అచ్చు. పేజీ తిప్పి వెనక వేలితో నెమ్మదిగా తడమండి. సీసపు అక్షరాలు పేర్చి లెటర్‌ప్రెస్ మీద వేసిన పాత పుస్తకాల్లో అక్షరం కాగితంలోకి కొంచెం దిగి వేలికి తగులుతుంది, వత్తులు కొన్ని చోట్ల విరిగి ఉంటాయి, సిరా ఒకచోట ముదురుగా ఒకచోట వెలిసి ఉంటుంది. కంప్యూటర్లో కంపోజ్ చేసి ఆఫ్‌సెట్ మీద వేసినవి నున్నగా ఉంటాయి. 50ల నాటి నవల నున్నటి కంప్యూటర్ అక్షరాలతో ఉంటే అది రీప్రింటే, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన సంగతుంది. మన నవలలు చాలావరకు ముందు పత్రికల్లో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైనవే, బుచ్చిబాబు చివరకు మిగిలేది కూడా 1946, 47ల్లో నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాతే పుస్తకమైంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా కత్తిరించి దాచి సీరియల్ అయిపోయాక బైండింగ్ చేయించేవాళ్ళు, బొమ్మలతో సహా. పాత పుస్తకాల కొట్లో అలాంటి బైండింగ్ కనిపిస్తే దయచేసి వదలకండి. దాన్ని ఫస్ట్ ఎడిషన్ అనలేం, కానీ నవల మొదట జనం చేతిలోకి వెళ్ళిన రూపం అదే, పుస్తకం చేసేటప్పుడు రచయిత మార్చిన వాక్యాలు అందులో పాతగానే ఉంటాయి, ఆ బొమ్మలు తర్వాత పుస్తకంలో ఉండవు. లైబ్రరీల్లో కూడా ఆ పత్రికల సంచికలు పూర్తిగా దొరకడం కష్టమైపోతోంది. అలాగే ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి 1922లో అచ్చయి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల, అలాంటి పుస్తకం నిషేధానికి ముందు వేసిన కాపీ ఏ ఇంటి అటక మీదో ఉంటే అది ఆ ఇంటివాళ్ళకే తెలియకపోవచ్చు. మన పుస్తకాలకి ఎక్కడా సమాచారం లేదన్నారు కదా, అది మీలాంటివాళ్ళే రాయాలండీ. మీరు కొన్న ప్రతి నవలకి ముద్రణ, నెల, ప్రతులు, వెల, ప్రెస్ పేరు ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి, ఏ ఊళ్ళో ఏ ప్రెస్‌లో వేశారో మన పుస్తకాల్లో ఉంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు.

అద్దె లైబ్రరీ ముద్రలున్న కాపీల గురించి ఇంకొందరు అడిగారు. ఇంగ్లీషు కలెక్టర్లు లైబ్రరీ కాపీ అనగానే ధర బాగా తగ్గించేస్తారు. తెలుగు నవలల విషయంలో నేను ఒప్పుకోను, చాలా నవలలు మనకి మిగిలిందే అద్దె లైబ్రరీల వల్ల, అట్ట మార్చి కుట్టేసినా లోపలి పేజీలు పూర్తిగా ఉంటే తీసుకోండి.

ప్రశ్న: వైజాగ్ నుంచి. మా అక్క లండన్ నుంచి పంపిన హ్యారీ పాటర్ మొదటి భాగం ఉంది, 1997 బ్లూమ్స్‌బరీ అని ఉంది. లక్షలొస్తాయా?

జవాబు: అట్ట గట్టిదా మెత్తదా ముందు చూడండి. 1997 జూన్‌లో గట్టి అట్టతో వేసినవి 500 మాత్రమే, అందులో చాలావరకు లైబ్రరీలకే వెళ్ళాయి. నంబర్ లైన్ 10 నుంచి 1 దాకా పూర్తిగా ఉండాలి, కాపీరైట్ పేజీలో జోవాన్ రోలింగ్ అని పూర్తి పేరు ఉండాలి, 53వ పేజీలో స్కూల్ సామాన్ల లిస్టులో ఒక మంత్రదండం అనే లైన్ రెండుసార్లు పడి ఉండాలి. దీనికి జాకెట్ వేయలేదు, బొమ్మ అట్ట మీదే ఉంటుంది, కాబట్టి జాకెట్‌తో ఉన్నది చూపిస్తే అది ఆ పుస్తకం కాదు. అన్నీ కలిసిన మంచి కాపీ ఒకటి 2021 డిసెంబర్‌లో డాలస్ వేలంలో 4,71,000 డాలర్లకి పోయింది. కాపీరైట్ సంవత్సరం 1997 అనేది ఆ తర్వాత వేసిన లక్షల కాపీల మీద కూడా ఉంటుంది, అందుకే సంవత్సరం చూసి ఆశ పెట్టుకోకండి. అమెరికాది అయితే 1998లో వేరే పేరుతో వచ్చింది, దాని మీద ఫస్ట్ అమెరికన్ ఎడిషన్ అని ఉంటుంది, అంటే అమెరికాలో మొదటిది అని.

ప్రశ్న: బెంగళూరులో ఉంటామండీ. గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్ ఇండియా కాపీ, ఇంగ్లండ్ కాపీ రెండూ ఉన్నాయి నా దగ్గర. ఏది అసలు ఫస్ట్? అలాగే ఆర్కే నారాయణ్ మైసూర్‌లో వేసిన స్వామి అండ్ ఫ్రెండ్స్ ఫస్ట్ ఎడిషన్ అవుతుందా?

జవాబు: మొదటిదానికి జవాబు మనకి గర్వంగా ఉండేదే. 1997లో ఢిల్లీలోని ఇండియాఇంక్ వేసిన కాపీయే ముందు వచ్చింది, ఇంగ్లండ్‌లో ఫ్లమింగో వాళ్ళది, అమెరికాలో రాండమ్ హౌస్ వాళ్ళది తర్వాత. కాబట్టి ఇండియాఇంక్ మొదటి ముద్రణే అసలు ఫస్ట్, విదేశీ డీలర్లు కూడా దాన్ని అలాగే అమ్ముతారు. మీ కాపీ జాకెట్ మీద బుకర్ ప్రైజ్ వచ్చిందని అచ్చులో ఉందా చూడండి, ఆ ప్రైజ్ అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది, అంటే ఆ మాట అచ్చులో ఉన్న జాకెట్ తర్వాతది. పైన అంటించిన స్టిక్కర్ అయితే ఫర్వాలేదు, కొట్లో మిగిలిన పాత కాపీల మీద కూడా అంటించి ఉండొచ్చు.

నారాయణ్‌ది అలా కాదు. స్వామి అండ్ ఫ్రెండ్స్ మొదట 1935లో లండన్‌లో హామిష్ హామిల్టన్ వేసింది, రాజారావు కాంతాపుర కూడా 1938లో లండన్‌లోనే అలెన్ అండ్ అన్విన్ దగ్గర వచ్చింది. మైసూర్‌లో ఇండియన్ థాట్ పబ్లికేషన్స్ నారాయణ్ గారే పెట్టుకున్న సంస్థ, ఆ కాపీలంటే నాకు చాలా ఇష్టం, కానీ ఆ నవలకి అది ఫస్ట్ ఎడిషన్ కాదు. నవల ఏ దేశం వాళ్ళదైనా మొదట ఏ ఊళ్ళో అచ్చయి అమ్మకానికి వచ్చిందో అదే లెక్క, కొందరు కలెక్టర్లు మాత్రం రచయిత సొంత దేశపు ఎడిషన్‌నే కోరుకుంటారు, రెండూ మంచి పద్ధతులే, ఏది అడుగుతున్నారో తెలుసుకుని కొనండి.

ప్రశ్న: గాన్ విత్ ద విండ్ 1936 జూన్ 30న విడుదలైందని చదివాను. నా కాపీలో మే 1936 అని ఉంది. అచ్చుతప్పా? (కరీంనగర్)

జవాబు: తప్పు కాదండీ, మీరు కోరుకోవాల్సిందే అది. మాక్‌మిలన్ వాళ్ళు మే నెలలో విడుదల చేద్దామని ముందే అచ్చేశారు, తర్వాత విడుదల జూన్ 30కి వాయిదా పడింది, మొదట అచ్చయిన వాటి మీద పబ్లిష్డ్ మే 1936 అని ఉండిపోయింది. ఆ లైన్ ఉండి, కింద తర్వాతి ప్రింటింగుల లిస్టు ఏమీ లేకపోతే మొదటిదే. ఆర్వెల్ యానిమల్ ఫామ్ కూడా ఇంతే, పుస్తకం 1945 ఆగస్టులో వచ్చింది, లోపల మే 1945 అని ఉంటుంది.

ప్రశ్న: జాకెట్ చిరిగింది, సెల్లోటేప్ వేయొచ్చా? లోపల ఎవరిదో పేరు పెన్నుతో రాసుంది, చెరిపేయొచ్చా? ఇంకా, ఇవన్నీ నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి? (తిరుపతి, తెనాలి, న్యూజెర్సీ నుంచి ఇదే అడిగారు)

జవాబు: సెల్లోటేప్ అస్సలు వద్దు, కొన్నేళ్ళకి ఆ జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది, మళ్ళీ తీయలేం. లామినేషన్ ఇంకా ఘోరం. చిరిగింది చిరిగినట్టే ఉంచి, పైన మైలార్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ జిగురు తగలకుండా తొడగండి. పెన్నుతో రాసిన పేరు చెరపబోతే కాగితం లేచిపోతుంది, వదిలేయండి, పేరు వల్ల తగ్గే విలువ కంటే గీకిన మచ్చ వల్ల తగ్గేది ఎక్కువ. జాకెట్ లేదని నెట్‌లో కలర్ ఫాక్సిమిలీ జాకెట్ కొని వేసుకుంటే అది ఫాక్సిమిలీ అని లోపల పెన్సిల్‌తో రాసి పెట్టండి, రేపు మీ పిల్లల దగ్గర ఎవరైనా కొన్నప్పుడు వాళ్ళు మోసపోకూడదు.

పుస్తకాలంటే, కంపెనీల వారీగా పద్ధతులు చెప్పేవి రెండున్నాయి, బిల్ మెక్‌బ్రైడ్ రాసిన జేబులో పట్టే చిన్న గైడ్ ఒకటి, జెంపెల్, వెర్‌క్లర్ ఇద్దరూ కలిసి కూర్చినది ఇంకోటి. మొదటిది బజారుకి పట్టుకెళ్ళడానికి, రెండోది ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి. ఒక్క రచయితే కావాలనుకుంటే ఆ రచయిత బిబ్లియోగ్రఫీ, అంటే ఆయన పుస్తకాల ముద్రణల వివరాల పట్టిక చూడాలి, ఫిట్జెరాల్డ్‌కి బ్రకోలీ, హెమింగ్‌వేకి హన్నెమన్ చేసినవి ప్రామాణికం.

మాకు ఫొటోలు పంపేవాళ్ళు అట్ట ఒక్కటే పంపుతున్నారు, దానివల్ల ఏమీ చెప్పలేం. టైటిల్ పేజీ, దాని వెనకున్న కాపీరైట్ పేజీ, నవల చివరి పేజీ, జాకెట్ రెండు మడతలు విప్పి ధర ఉండే మూలలు కనిపించేలా, జాకెట్ తీసేసిన తర్వాత వెనక అట్ట, ఇవన్నీ పగటి వెలుతురులో తీసి పంపండి. తెలుగు నవలైతే వెల ఉన్న చోటూ, ప్రెస్ పేరు ఉన్న చోటూ తప్పకుండా తీయండి.